అడవి అనాథ కాదు

మన సినిమారంగ ప్రముఖులు అడవులను దత్తత తీసుకోవడం మొదలుపెట్టి కొన్నేండ్లయింది. హైదరాబాదు శివార్లలో, దుండిగల్ సమీపాన ఉన్న ఖాజీపల్లి రిజర్వు అడవిని 2020 సెప్టెంబరులో నటుడు ప్రభాస్ దత్తత తీసుకున్నారు. విస్తీర్ణం 1,650 ఎకరాలు. ఆయన రెండు కోట్ల రూపాయలు ఇచ్చారు. అక్కడ వెలసే వనానికి ఆయన తండ్రిగారి పేరు పెట్టాలని నిర్ణయమయింది. 2022 ఫిబ్రవరిలో నటుడు నాగార్జున చెంగిచెర్ల అటవీ ప్రాంతంలో 1,080 ఎకరాలను దత్తత తీసుకున్నారు. ఆయనా రెండు కోట్లు ఇచ్చారు. ఆ వనానికి అక్కినేని నాగేశ్వరరావుగారి పేరు. పత్రికలు ఫొటోలు వేసి మెచ్చుకున్నాయి. అభిమానులు సంబరపడ్డారు.

ఈ దాతల సద్బుద్ధిని నేను శంకించడం లేదు. డబ్బున్నవాడు గుర్రప్పందాలకు తగలేసేకన్న చెట్లకు ఖర్చుచేయడం మంచిదే. తండ్రిని స్మరించుకోవడం అంతకన్న మంచిది. నా తగాదా వ్యక్తులతో కాదు, ఒక మాటతో. ఆ మాట "దత్తత". సాహిత్యం చదువుకున్నవాళ్లం, చదువు చెప్పేవాళ్లం, మాటల వెనుక దాగిన ఆస్తి సంబంధాలను బయటికి లాగడం మన పని. ఆ పని మనం చేయకపోతే ఇంకెవరూ చేయరు.

దత్తత ఎవరిని తీసుకుంటారు? తల్లిదండ్రులు లేని పిల్లను తీసుకుంటారు. ఉంటే వాళ్లు తమంతట తాము ఇస్తే తీసుకుంటారు. మన జమీందారీ చరిత్రలో దత్తతకు ప్రేమతో ఉన్న సంబంధంకన్న ఎస్టేటుతో ఉన్న సంబంధమే ఎక్కువ. అందుకే డల్హౌసీ దత్తతలను ఒప్పుకోకపోవడం ద్వారా రాజ్యాలు కాజేయగలిగాడు. కాబట్టి ఒక అడవిని ఒకరు దత్తత తీసుకున్నారని మనం వ్రాసినప్పుడల్లా, ఆ అడవికి అంతకుముందు నా అన్నవారు లేరని కూడా వ్రాస్తున్నామన్నమాట. ఇది అబద్ధం. అడవి అనాథ కాదు. దానికి తల్లిదండ్రులున్నారు. వాళ్ల చేతుల్లోనుంచి దానిని లాక్కున్న తేదీలు కూడా ఉన్నాయి.

"రిజర్వు అడవి" అనే మాటనే చూడండి. ఎవరికోసం రిజర్వు? ఎవరినుంచి రిజర్వు? మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. మన్యంలో పోడు కొట్టుకునేవాడు, పశువులు మేపుకునేవాడు, కట్టెపుల్ల ఏరుకునేవాడు ఆ చట్టంతో తన ఇంటిలోనే దొంగ అయినాడు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పోరాటానికి ఇది ముఖ్యకారణాలలో ఒకటి. నైజాములోనూ కథ వేరుగా లేదు. అడవి చట్టాలకూ, అడవి ఉద్యోగుల వసూళ్లకూ ఎదురుతిరిగిన కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణాలిచ్చాడు. ఇంత చరిత్ర ఉన్న చోట "దత్తత" అని వ్రాయడానికి మన కలాలు కొంచెమైనా తడబడవద్దా?

దూరాన ఉన్న అడవుల మాట అలా ఉంచుదాం. ఈ దాతల స్టూడియోలకూ, బంగళాలకూ కూతవేటు దూరంలోనే ఒక అడవి ఉన్నది. జూబిలీహిల్స్, బంజారాహిల్స్ నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం. విస్తీర్ణం సుమారు 350 ఎకరాలు. దేశంలోని అతి చిన్న జాతీయ వనాలలో ఇది ఒకటి. నెమళ్లున్నాయి, పునుగుపిల్లులున్నాయి, అలుగులున్నాయి. మొక్కలలో 600 జాతులు, పక్షులలో 140 జాతులు ఉన్నాయని చెబుతారు. దక్కను పీఠభూమిమీద ఒకప్పుడు అంతటా ఉండిన తుప్పల అడవికి, బండల అడవికి నగరం నడిబొడ్డున మిగిలిన నమూనా ఇది. ఇందులోనే చిరాన్ ప్యాలెస్ ఉన్నది. ఈ నేల అసఫ్‌జాహీ వంశీకుడు ముకరంజా ఎస్టేటు. పట్టణ భూపరిమితి చట్టం కింద ప్రభుత్వపరమై, 1998లో జాతీయ వనమయింది.

ఇది చిన్న విజయం కాదు. ఒక రాజవంశీకుని విలాసవనం ప్రజల ఆస్తి అయింది. దీనిని ప్లాట్లు చేసి అమ్ముకోకుండా నిలిపినవారందరికీ మనం కృతజ్ఞులం. అయితే ప్రభుత్వపరం కావడం, ప్రజలపరం కావడం ఒకటేనా? దీనికి సమాధానం నాకు నా తరగతి గదిలోనే దొరికింది.

ప్రబంధాలు పాఠం చెప్పేటప్పుడు అష్టాదశ వర్ణనల ప్రసక్తి రాక తప్పదు. ఉద్యానవిహారం అందులో ఒకటి. పాఠమంతా అయినాక, మీరు చూసిన ఒక వనాన్నిగూర్చి రెండు పేజీలు వ్రాసుకు రండని విద్యార్థులకు చెప్పాను. ఫిలింనగర్ బస్తీనుంచి వచ్చే కుర్రవాడొకడు ఏమీ వ్రాయలేదు. మీ ఇంటికి అంత దగ్గర్లో జాతీయ వనం ఉన్నది గదా, ఎన్నడూ పోలేదా అని అడిగాను. అతడన్న మాట ఇది: "మా అమ్మ దాని గోడ పక్కపొంటి రోజూ నడుస్తది సార్. లోపట నడిచేటోళ్ల ఇండ్లల్ల బాసన్లు తోమతానికి పోతది."

అతడు ఎత్తిపొడుపుగా అనలేదు. రోడ్డు ఎటు పోతుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. కాని ఆ రెండు వాక్యాలు విన్న తరువాత ఆ వనంగూర్చి ప్రబంధ కవిలా మాట్లాడడం నాకు సాధ్యం కాలేదు. ఒకే వేళకు, ఒకే గోడకు ఇటూ అటూ ఇద్దరు నడుస్తున్నారు. లోపల నడిచేది ఆరోగ్యంకోసం. బయట నడిచేది పొట్టకోసం. లోపలి నడకను విహారం అంటాం. బయటి నడకకు మన అష్టాదశ వర్ణనలలో పేరు లేదు.

ఆమెను ఎవరు ఆపారు, టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా పోవచ్చును గదా అంటారు. నిజమే, కాపలావాడు ఆమెను కులం అడగడు. కాని ఉదయం ఆరింటికి ఆమె ఎవరి ఇంటిలోనో ఉండాలి. సాయంత్రం తన ఇంటిలో ఉండాలి. ఆదివారంనాడు అమ్మగారింట్లో చుట్టాలు వస్తారు. టిక్కెట్టు పైకమే గాక టిక్కెట్టు కొనుక్కునే తీరిక కూడా పంపకమైపోయిన సమాజం మనది. ఇక, తలుపు తీసి ఉన్నంతమాత్రాన అది తన ఇల్లని ఎవరికీ అనిపించదు. ఆ వనంలో ఏం జరగాలో, దారులు ఎటు వేయాలో, వసూలయిన రుసుము దేనికి ఖర్చుకావాలో చెప్పే హక్కు ఆమెకు ఏనాడూ లేదు. హక్కు లేనిచోట మనిషి చుట్టమే అవుతాడు గాని సొంతదారు కాడు.

సినిమారంగం పేరెత్తితే మనకు ఫిలింనగర్ మేడలే కనిపిస్తాయి. ఆ మేడలకు ఇవతల కృష్ణానగర్ ఉన్నది. తెల్లవారుజామున షూటింగు బస్సులకోసం అక్కడ జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, సెట్టు పనివాళ్లు నిలబడి ఉంటారు. 2025 ఆగస్టులో ఈ శ్రామికులు నూటికి ముప్పై వంతుల వేతనం పెంపు కోరి సమ్మె చేస్తే షూటింగులు ఆగిపోయాయి. తెరమీద పచ్చటి అడవిలో పాట పాడే నాయికా నాయకులమీద వెలుగు పడేటట్టు దీపం పట్టుకునేది వీళ్లే. ఆ అడవిలో పనిలేకుండా ఒక పూట కూర్చునే భాగ్యం వీళ్లలో ఎంతమందికి ఉన్నది?

ఇక్కడ మన శిబిరంలోనే కొందరు మిత్రులు ఒక ఆక్షేపణ తెస్తారు. అడవిలో షికారు అనేది తీరుబడిగల మధ్యతరగతి వేడుక, శ్రామికుని సమస్య కూలీరేటు గాని నెమలి నాట్యం కాదు అంటారు. ఈ మాట అభ్యుదయకరంగా వినిపిస్తుంది గాని నిజానికి యజమాని మాట. పనివానికి కూడు చాలు, గాలి, నీడ, సౌందర్యం అతనికెందుకు అన్నది యజమాని. ఎనిమిది గంటల పనిదినంకోసం మేడే వీరులు ప్రాణాలిచ్చింది మిగిలిన గంటలలో మనుషులుగా బతకడానికే గదా!

చరిత్రలో ఒక ఉదాహరణ చూపిస్తాను. ఇంగ్లండులో మాంచెస్టరు మిల్లుల చుట్టూ ఉన్న కొండలు ఆనాడు భూస్వాముల పక్షివేటకు ప్రత్యేకించినవి. ఏడాదిలో కొన్ని రోజులే వేట. మిగిలిన రోజులు కూడా కాపలావాళ్లు ఎవరినీ అడుగుపెట్టనిచ్చేవాళ్లు కారు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే యువ కమ్యూనిస్టు నాయకత్వాన కొన్ని వందలమంది శ్రామికులు కిండర్ స్కౌట్ అనే కొండమీదికి బాహాటంగా నడిచిపోయారు. వాళ్లు చేసిన నేరం నడవడమే. అయిదుగురికి జైలుశిక్షలు పడ్డాయి. ఆ నడక రేపిన ఆందోళన వృథా పోలేదు. 1949లో జాతీయ వనాల చట్టం వచ్చింది. 1951లో ఆ కొండ ఉన్న ప్రాంతమే బ్రిటనులో మొట్టమొదటి జాతీయ వనమయింది. స్కాట్లండు ఇంకా ముందుకు పోయి 2003 చట్టంతో బాధ్యతగా నడిచే ప్రతివానికీ భూమిమీద ప్రవేశహక్కు ఇవ్వడమేగాక, స్థానిక సమాజాలు భూమి కొనుక్కుని ఉమ్మడిగా ఏలుకునే హక్కును కూడా ఇచ్చింది. అడవిలో విహారం శ్రామికవర్గ సమస్య కాదనేవారు ఆ జైలుకు పోయిన అయిదుగురికి ఏం సమాధానం చెబుతారు?

రెండవ ఆక్షేపణ ఎదుటి శిబిరంనుంచి వస్తుంది. జనానికి అప్పగిస్తే అడవి మిగలదు, కాగితాలు, సీసాలు పారేస్తారు, చెట్లు నరుక్కుపోతారు అంటారు. పారేసేవాళ్లు లేరని నేననను. కాని లెక్క తేల్చవలసి వస్తే పూర్తిగా తేల్చుదాం. జూబిలీహిల్స్ కొండలలోని గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ బండలను తుపాకిమందు పెట్టి పేల్చి పునాదులు తీసింది బస్తీజనం కాదు. ఈ విధ్వంసం చూసి తట్టుకోలేక బండలను కాపాడడానికి 1996లో నగరంలో ఒక సంఘమే పుట్టవలసివచ్చింది. 2016లో ఈ జాతీయ వనం చుట్టూ వంతెనల పథకానికి వేలాది చెట్లు నరకబోయారు. పౌరులు రోడ్డెక్కారు, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. 2020లో కేంద్రప్రభుత్వం వెలువరించిన ముసాయిదాలో ఈ వనం చుట్టూ ఉండవలసిన రక్షణ మండలం కొన్నిచోట్ల మూడంటే మూడు మీటర్లకు కుదించుకుపోయింది. 2024లో వనం చుట్టూ ఉన్న ఆరు కూడళ్లలో ఉక్కు వంతెనలకు, భూగర్భ దారులకు 826 కోట్ల రూపాయల పథకం తలకెత్తుకున్నారు. ఇవన్నీ చేసింది కాగితాలు పారేసే జనమా?

పోతే, కాపాడింది ఎవరు? 2025 మార్చి చివర పండుగ సెలవులలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలమీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు వాటికి అడ్డం నిలిచింది హైదరాబాదు విశ్వవిద్యాలయం విద్యార్థులు. లాఠీలకు, అరెస్టులకు వాళ్లు వెరవలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నరికివేతను ఆపింది. ఆ పిల్లలకు ఆ అడవిమీద పట్టా లేదు. దానిలో తిరిగారు, పక్షులను ఎరుగుదురు, బండలకు పేర్లు పెట్టుకున్నారు. అందుకనే అది తమదనుకున్నారు. అడవిలోకి మనిషిని రానిస్తే అడవి చెడుతుందన్న వాదానికి ఇంతకన్న గట్టి జవాబు నాకు తెలియదు. తనదనుకున్న మనిషి చెరచడు. తనది కాదని నూరేండ్లు చెప్పించుకున్న మనిషి చెరచినా ఆశ్చర్యం లేదు.

ఇక మన సినిమాలు అడవిని ఎట్లా చూస్తున్నాయో గమనించుదాం. ఈ చూపు కొత్తది కాదు, మన కావ్యాలనుంచి వచ్చినదే. ప్రబంధ నాయకునికి అడవి వేటస్థలం. మనుచరిత్రలో స్వరోచి వేటకు పోయినప్పుడు అడవి అతని పరాక్రమానికి రంగస్థలమయింది. ఆ అడవిలో కాపురముండేవాళ్లు అతనికి దారి చూపేవాళ్లు, మృగాలను తరిమేవాళ్లు మాత్రమే. దీనికి ఎదురుగా ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నణ్ణి పెట్టి చూడండి. బోయపిల్లవాడు కథకు నడుమ నిలబడ్డాడు. అతని ఆట, అతని వేట, అతని తిండి, అతని భక్తి, అన్నీ అడవిలోపలినుంచి చూసి వ్రాసినవి. వచ్చిపోయేవాని కన్ను స్వరోచిది. ఉండేవాని కన్ను తిన్ననిది. మన సినిమా ఏ కన్నుతో చూస్తున్నది?

1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" చిత్రాన్ని తెలుగువారు మరిచిపోలేరు. అందులో శ్రీశ్రీ వ్రాసిన పాటకు జాతీయ బహుమతి వచ్చింది. అక్కడ అడవి ఒక ప్రజాపోరాటానికి నేల. యాభై ఏండ్ల దగ్గర పడుతుండగా, 2021లో "పుష్ప" వచ్చింది. కథ శేషాచలం ఎర్రచందనంగూర్చి. చాలాభాగం తీసింది తూర్పు కనుమలలోని మారేడుమిల్లిలో. కూలివాడుగా మొదలైన నాయకుడు దొంగరవాణాకు అధిపతి అవుతాడు. జనం చప్పట్లు కొట్టారు. నాయకుడు కూలివాడు కావడం నాకూ బాగానే ఉన్నది. కాని అడవి అందులో గోదాము. దుంగలు తీసుకుపోవడమే దానితో పని. నాయకుడు ఎదిగాడు గాని కూలీలు కూలీలుగానే మిగిలిపోయారు. నిజమైన శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పులలో ఇరవైమంది తమిళనాడు కూలీలు చనిపోయారు. వాళ్లకు సింహాసనాలు దొరకలేదు. అడవిమీద ఉమ్మడి హక్కు అనే ఊహే లేని కథలో కూలివానికి రెండే దారులుంటాయి: తూటాకు బలికావడం, లేదా తానే ఒక దొర కావడం. మూడవ దారి ఉన్నదని చెప్పడం కళాకారుని బాధ్యత కాదా?

ఆ మూడవ దారి ఛాయలు, విచిత్రమేమిటంటే, ఆ షూటింగు జరిగిన మారేడుమిల్లిలోనే కొంత కనిపిస్తాయి. రంపచోడవరం దాటి ఘాటురోడ్డు ఎక్కితే కొండరెడ్ల గ్రామాలు. అక్కడ వనసంరక్షణ సమితుల పేరిట వనవిహారి అనే విడిది నడుస్తున్నది. వచ్చినవారికి బస, భోజనం, అడవిలో దారి చూపడం స్థానిక గిరిజనుల చేతిమీదుగా సాగుతాయి. పట్నంనుంచి విహారానికి పోదలచినవారు ముందు ఇలాంటి చోట్లకే పోవాలని నేనంటాను. ఇచ్చిన రూపాయి పెద్ద హోటలువాని పెట్టెలో గాక ఊరివాళ్ల చేతిలో పడుతుంది.

అయితే దీనినే ప్రజల అడవి అని చంకలు గుద్దుకోవద్దు. సమితిలో గిరిజనుడు పనివాడు, మహా అయితే భాగస్వామి. తాళంచెవి అటవీశాఖ మొలలో ఉన్నది. ఇదే తంతు మరొక రూపంలో నల్లమలలో కనిపిస్తుంది. అమ్రాబాదు పులుల అభయారణ్యంలో 2021లో ప్రభుత్వం పర్యాటకులకు అడవిలో బసచేసే ఏర్పాటు మొదలుపెట్టి, చెంచు యువకులను దారిచూపే పనిలో పెట్టింది. అదే అభయారణ్యంలోనుంచి చెంచుల గూడేలను బయటికి తరలించే ప్రతిపాదనలు కూడా నడుస్తూనే ఉన్నాయి. కవ్వాల్‌లో మైసంపేట, రాంపూర్ గ్రామాలవారిని 2024లో అడవి వెలుపలికి తరలించారు. పులికి ఏకాంతం కావాలంటారు. కావలసిందే. మరి జీపులలో వచ్చే మనవల్ల చెడని ఏకాంతం, పులితోపాటే తరతరాలుగా బతికిన చెంచువల్ల ఎట్లా చెడుతుంది? రాత్రి బసకు డబ్బు కట్టినవాడు అతిథి, వెయ్యేండ్లు ఉన్నవాడు ఆక్రమణదారు అయ్యే లెక్క ఏ శాస్త్రం చెప్పింది?

చట్టం చెప్పలేదు. 2006 అటవీహక్కుల చట్టం పోడుభూమికి పట్టా ఇవ్వడంతో ఆగలేదు. తరతరాలుగా వాడుకుంటూ వచ్చిన అడవిని కాపాడుకునే హక్కు, ఏలుకునే హక్కు గ్రామసభకు ఉన్నదని స్పష్టంగా చెప్పింది. మన పాలకులు మొదటి భాగాన్ని ఎన్నికల ముందు గుర్తుచేసుకుంటారు. తెలంగాణలో 2023లో 4.06 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచారు. మంచిదే. ఆ పట్టా ఒక్కొక్క కుటుంబానికి ఒక చెక్క ఇస్తుంది. రెండవ భాగం, అంటే ఊరుమ్మడి అడవి, ఆ మాట వచ్చేసరికి నోళ్లు పెగలవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల గ్రామసభలకు ఇవ్వవలసిన హక్కుపత్రాలను అటవీశాఖ నీడలో ఉన్న వనసంరక్షణ సమితుల పేరిట ఇచ్చి చేతులు దులుపుకున్నారు. తల్లి చేతికి ఇవ్వవలసిన బిడ్డను ఆయా చేతికి ఇవ్వడమంటే ఇదే.

ఇది ఆచరణ సాధ్యం కాదనేవాళ్లు మన సరిహద్దు దాటి చూడాలి. మహారాష్ట్రలో, మనకు ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే గోండుల ఊరున్నది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిమీద ఆ గ్రామసభకు ఉమ్మడి హక్కు లభించింది. 2011లో తమ వెదురును తామే అమ్ముకునే రవాణా అనుమతిపత్రాలు గ్రామసభ చేతికి వచ్చాయి. ఎంత నరకాలో, ఏది నరకరాదో సభలో కూర్చుని తేల్చుకుంటారు. ఆ అడవిని ఎవరూ దత్తత తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరమూ రాలేదు. అలాంటి ఊరికి విహారానికి పోయినవాడు చూసేది చెట్లనే కాదు, చెట్లతో మాటపట్టింపు లేకుండా బతకడం నేర్చిన ఒక సమాజాన్ని. దానికన్న మించిన వినోదం ఏమున్నది?

కాబట్టి కావలసినదేమిటో తేటగా చెప్పుకుందాం. మన్యంలోనూ, నల్లమలలోనూ, ఆదిలాబాదులోనూ పర్యాటకం పెట్టేముందు గ్రామసభకు అడవిమీద ఉమ్మడి హక్కుపత్రం ఇవ్వాలి. విడిది ఎక్కడ కట్టాలో, ఎందరిని రానివ్వాలో, ఏ ఋతువులో అడవిని మనుషులనుంచి విశ్రమింపజేయాలో ఆ సభ నిర్ణయించాలి. రుసుము ఆ సభకే చెందాలి. సినిమావాళ్లు అడవిలో షూటింగు చేసుకోవాలంటే అనుమతి అడగవలసింది కూడా ఆ సభనే. అద్దె చెల్లించవలసిందీ ఆ సభకే.

నగరంలో అటవీహక్కుల చట్టం పనికిరాదంటారేమో. సరే, 2002 జీవవైవిధ్య చట్టం ఉన్నది. ప్రతి స్థానిక సంస్థ, నగరపాలక సంస్థతో సహా, జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచాలని అది చెబుతున్నది. ఆ కమిటీని కాగితంమీదినుంచి నేలమీదికి దించాలి. జూబిలీహిల్స్ వనానికి సంబంధించినంతవరకు అందులో మేడలవారితోపాటు ఫిలింనగర్ బస్తీవారికి, కృష్ణానగర్ సినిమా శ్రామికులకు, వన సిబ్బందికి, విద్యార్థులకు స్థానముండాలి. రుసుము లెక్కలు ద్వారంమీద వ్రాసిపెట్టాలి. వారానికి ఒకరోజు టిక్కెట్టు లేకుండా తెరవాలి. బస్తీ బడిపిల్లలకు పాఠాలు అక్కడ జరగాలి. వనం అంచును కొరికే ఏ వంతెన పథకమైనా ముందు ఆ కమిటీ ఎదుట బహిరంగంగా చర్చకు రావాలి. ఇవి విప్లవాత్మకమైన కోరికలేమీ కావు. ఉన్న చట్టాన్ని సిగ్గుపడకుండా అమలుచేయమనడమే.

దాతలకు కూడా ఒక మనవి. మీ రెండు కోట్లూ విలువైనవే. వాటిని పేరుపలక లేకుండా ఇవ్వండి. మీ ఇండ్లకు ఎదురుగా ఉన్న వనం చుట్టూ ఉక్కు వంతెనలు లేస్తాయంటే ఒక మాట మాట్లాడండి. కోట్లాది జనం వినే గొంతు మీది. ఆ మాట విలువ రెండు కోట్లకన్న ఎక్కువ. మీ సెట్లలో పనిచేసే లైట్‌మన్‌కు ఒక పూట తీరిక దక్కేటట్టు చూడండి. అడవులను దత్తత తీసుకోవడంకన్న ఇవి కష్టమైన పనులు. ఇక్కడ ఫొటో తీయించుకునే వీలు తక్కువ.

తోటి రచయితలకు చెప్పవలసింది ఇంకొకటి మిగిలింది. మన పత్రికలలో ప్రకృతి కవిత్వానికి కొదవ లేదు. చెట్టుమీద వ్రాస్తాం, పిట్టమీద వ్రాస్తాం. ఇకముందు చెట్టుగూర్చి వ్రాసిన ప్రతి చోటా ఆ చెట్టు ఎవరిదో కూడా అడుగుదాం. గోడ లోపలి నడకకు మన పూర్వకవులు పద్దెనిమిది వర్ణనలలో చోటిచ్చారు. గోడ బయట రోజూ నడిచే తల్లి ఒకరోజు కొడుకును వెంటబెట్టుకుని, ఎవరి అనుమతీ అడగకుండా, ఏ అమ్మగారి గడియారమూ చూసుకోకుండా లోపలికి నడిచి, ఒక బండమీద కూర్చుని కాళ్లు చాపుకోవాలి. ఆ వర్ణన ఇంకా ఎవరూ వ్రాయలేదు. వ్రాయడానికి ముందు అది జరగాలి. జరిగేటట్టు చూసే బాధ్యత మనమీద కూడా ఉన్నది.